పలాస జీడి ఫ్యాక్టరీ బ్యాటరీ బండి: క్యాన్ లైను పరీక్షల డైరీ

సోమవారం

బండి ఈ రోజు మా షెడ్డుకు వచ్చింది. పలాస-కాశీబుగ్గలోని ఒక జీడి ఫ్యాక్టరీ వాళ్లది. నాలుగు చక్రాలు, ముందు డ్రైవరు సీటు, వెనక ఇనుప తొట్టి. గోడౌన్ నుంచి ఎండబెట్టే కళ్లానికి, కళ్లం నుంచి బాయిలర్‌కు, అక్కడి నుంచి కటింగ్ షెడ్డుకు పిక్కల బస్తాలు మోయడం దీని పని. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. పది బస్తాలు వేస్తే 800 కిలోలు, దానికి డ్రైవరు బరువు అదనం. షెడ్ల లోపల డీజిలు పొగ ఉండకూడదని యజమాని బ్యాటరీ బండి చేయించుకున్నారు.

చాసిస్, మోటారు బిగింపు వేరే వర్క్‌షాపు వాళ్లు చూసుకున్నారు. నాకు అప్పజెప్పింది బండిలోని పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను. బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్, మోటారు కంట్రోలర్, చార్జర్, డ్రైవరు ముందుండే డిస్‌ప్లే, అన్నీ రికార్డు చేయడానికి నేను పెట్టబోయే చిన్న బోర్డు. ఈ ఐదూ రెండే రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతి పేరు క్యాన్. బాష్ కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది, 1993లో ఐఎస్ఓ 11898 ప్రమాణంగా వచ్చింది. కార్ల కోసం పుట్టినదే అయినా ఇప్పుడు ట్రాక్టర్లలోనూ లిఫ్టుల్లోనూ ఆసుపత్రి యంత్రాల్లోనూ అదే ఉంటుంది.

పని మొదలుపెట్టకముందు ఫ్యాక్టరీకి వెళ్లి బండి తిరిగే దారంతా నడిచి చూశాను. కటింగ్ షెడ్డు ముందు ఆడవాళ్లు పిక్కల బుట్టలతో అటూ ఇటూ వెళ్తూనే ఉంటారు. బండి వాళ్ల మధ్యలోంచే పోవాలి. బాయిలర్ దగ్గర చిన్న ర్యాంపు ఉంది, బస్తాలతో ఎక్కాలి. ఇది చూశాక పరీక్షల వరస మార్చుకున్నాను. మెసేజ్ అందిందా లేదా అని చూసి సరిపెట్టుకుంటే చాలదు. మెసేజ్ రానప్పుడు ఒక్కో పెట్టె ఏం చేస్తుందో తేలేదాకా ఈ బండి ఆ షెడ్డులోకి వెళ్లకూడదు. యజమానికి కూడా ఇదే చెప్పాను. ఆయన తొందర ఆయనకుంది, అయినా ఒప్పుకున్నారు.

మంగళవారం

ల్యాప్‌టాప్ తెరవలేదు. మల్టీమీటర్ ఒక్కటే చాలింది.

క్యాన్ లైనుకు రెండు చివర్లలోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉండాలి. కాలవలో అల గట్టుకు కొట్టుకుని వెనక్కి వచ్చినట్టు, తీగ చివర రెసిస్టర్ లేకపోతే సిగ్నల్ తిరిగి వచ్చి వెనకొచ్చే సిగ్నల్‌ను చెడగొడుతుంది. రెండు 120లు పక్కపక్కన కలిస్తే 60. కాబట్టి బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేసి పసుపు తీగకూ ఆకుపచ్చ తీగకూ మధ్య కొలిస్తే 60కి అటూ ఇటూగా రావాలి. పసుపు తీగను 'హై' అనీ, ఆకుపచ్చ తీగను 'లో' అనీ అంటారు. భారీ వాహనాలకు వాడే జె1939 పద్ధతిలో రంగులు ఇవే, ఈ బండిలోనూ అవే వేశారు. పవరు ఉండగా ఈ కొలత తీయకూడదు. లోపలి చిప్‌లు తీగల మీద వోల్టేజీ పెట్టి ఉంచుతాయి కాబట్టి మీటరు చూపే అంకెకు అర్థం ఉండదు.

మీటరు 40 చూపించింది. 120ని మూడుతో భాగిస్తే 40. అంటే ఎక్కడో మూడో రెసిస్టర్ ఉంది. ఒక్కో పెట్టె ప్లగ్గు పీకుతూ వచ్చాం. డిస్‌ప్లే పీకితే 60, బీఎంఎస్ పీకినా 60. లైనుకు రెండు చివర్లలో ఉన్నవి ఇవే, రెసిస్టర్లు వీటిలోనే ఉన్నాయి కాబట్టి ఇవి రెండూ అనుకున్నవే. మోటారు కంట్రోలర్ పీకినా 60 వచ్చింది. దాని పుస్తకంలో లోపల రెసిస్టర్ ఉందని ఎక్కడా రాయలేదు. పెట్టె సీలు వేసి ఉంది, విప్పితే గ్యారంటీ పోతుంది.

మా అసిస్టెంట్ కుర్రాడు డిస్‌ప్లేలో రెసిస్టర్‌ను లైనుకు కలిపే చిన్న జంపర్ తీసేద్దాం, 60 వచ్చేస్తుంది కదా అన్నాడు. మీటరు వరకు అది నిజమే. కానీ కంట్రోలర్ సీటు కింద, అంటే లైనుకు సరిగ్గా మధ్యలో ఉంది. జంపర్ తీస్తే ముందు చివర ఖాళీ అయిపోతుంది. ఓమ్‌లు సరిపోవడం ఎంత ముఖ్యమో, ఆ రెసిస్టర్లు చివర్లలో ఉండటమూ అంతే ముఖ్యం. అందుకని పెట్టెను కదపకుండా తీగ దారే మార్చాం. ముందు డిస్‌ప్లే దగ్గర మొదలై, నేరుగా వెనక్కి పోయి బీఎంఎస్‌నూ చార్జర్‌నూ తాకి, అక్కడి నుంచి మళ్లీ సీటు కిందికి వచ్చి కంట్రోలర్ దగ్గర ఆగుతుంది. ఇప్పుడు కంట్రోలర్ కూడా ఒక చివరే. బీఎంఎస్‌లో రెసిస్టర్ స్విచ్ ఆఫ్ చేశాం. తీగ కొంచెం పొడవైంది, దానివల్ల నష్టమేమీ లేదు. సెకనుకు 250 కిలోబిట్ల వేగంలో ఈ లైను 250 మీటర్ల వరకు పోగలదు, మా బండి పొడవు అందులో ఏ మూలకీ రాదు.

మూడు రెసిస్టర్లు ఉన్నప్పుడు కూడా బండి షెడ్డులో నడిచేదే అని నా నమ్మకం. తీగలు చిన్నవైతే క్యాన్ చాలా తప్పులు ఓర్చుకుంటుంది. బెంచి మీద పనిచేసి, ఎండలో, బరువుతో, కుదుపుల్లో మొరాయించేవన్నీ ఇలాంటివే. అందుకే మీటరుతో పని పూర్తిగా అయ్యాకే ఏ పెట్టెకైనా పవరు ఇవ్వాలని పట్టుబడతాను.

బుధవారం, గురువారం

ఒక్కో పెట్టెనూ విడిగా బెంచి మీద పెట్టి పరీక్షించాం. సామాను పెద్దదేమీ కాదు. 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ ఒకటి, దానికి ఎమ్‌సీపీ2515 చిప్ ఉన్న క్యాన్ బోర్డు, 12 వోల్టుల సప్లై. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. ఈ చవక బోర్డుల మీద గడియారంలా టిక్కులు కొట్టే క్రిస్టల్ ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కొన్నిటికి 8 మెగాహెర్ట్జ్, కొన్నిటికి 16. సెట్టింగులో రాసింది బోర్డు మీద ఉన్నదానితో కలవకపోతే స్పీడు సగమో రెట్టింపో అయిపోయి ఒక్క మెసేజ్ కూడా కనిపించదు. క్రిస్టల్ మీద అచ్చువేసిన అంకెను చదివి, అదే రాయండి.

ముందు బీఎంఎస్. పవరు ఇవ్వగానే ఒకే మెసేజ్ ఆగకుండా వరదలా వచ్చింది. పాడైన పెట్టె అనుకుంటారు చాలామంది. ఇందులో పాడైందేమీ లేదు. క్యాన్‌లో మెసేజ్ పంపినవాడికి వినేవాళ్లలో కనీసం ఒకరు 'అందింది' అని ఒక బిట్‌తో జవాబివ్వాలి. మా పరికరం అప్పుడు కేవలం వినే మోడ్‌లో ఉంది, అంటే జవాబివ్వదు. బీఎంఎస్ ఎవరూ లేరనుకుని అదే మెసేజ్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. మామూలు మోడ్‌కు మార్చగానే సర్దుకుని ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపింది. ఒంటరిగా ఉన్న పెట్టెను పరీక్షించేటప్పుడు జవాబిచ్చే తోడు ఒకటి ఉండి తీరాలి.

బ్యాటరీ 16 ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌ది, 51.2 వోల్టులు. బీఎంఎస్ చెప్పిన ప్రతి సెల్ వోల్టేజీనీ మీటరుతో సరిచూశాం. కలిశాయి.

చార్జర్ దగ్గర ఎక్కువసేపు పట్టింది, పట్టాల్సిందే కూడా. చార్జర్లలో చాలా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. బీఎంఎస్ 1806ఈ5ఎఫ్4 అనే నంబరుతో సెకనుకోసారి ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు ఇవ్వచ్చో చెబుతుంది. 18ఎఫ్ఎఫ్50ఈ5 నంబరుతో చార్జర్ తాను ఇస్తున్నది చెబుతుంది. అంకెలు వోల్టులో పదోవంతు చొప్పున లెక్క. సెల్‌కు 3.65 చొప్పున 16 సెల్స్‌కు 58.4 వోల్టులు, అంటే 584, హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో, 02 48. ఇందులో పెద్ద బైటు ముందు వస్తుంది. జె1939 అలవాటున్నవాళ్లు చిన్న బైటు ముందు అనుకుని చదువుతారు. డిస్‌ప్లే అలాగే చదివింది. చార్జింగ్ చివరికొచ్చేసరికి దాని మీద 1843 వోల్టులు అని పడింది. 02 48ని తిప్పి 48 02గా చదివితే సరిగ్గా 1843.4. డిస్‌ప్లే చేసినవాళ్లకు రాశాం, కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతామన్నారు. చూపే అంకె తప్పినంత మాత్రాన బ్యాటరీకి ఏమీ కాదు. కానీ డ్రైవరు ఒకసారి నమ్మకం పోగొట్టుకుంటే తర్వాత నిజమైన వార్నింగునూ పట్టించుకోడు. అందుకే ఇది చిన్న విషయం కాదంటాను.

చార్జింగ్ జరుగుతుండగా చార్జర్ క్యాన్ ప్లగ్గు పీకాం. బీఎంఎస్ మాట 5 సెకన్లు వినిపించకపోతే చార్జర్ తనంతట తాను ఆగిపోవాలి. ఆగింది. మళ్లీ పెట్టగానే చార్జర్ మెసేజ్‌లో 'బీఎంఎస్ మాట వినిపించడం లేదు' అనే గుర్తు పోయి చార్జింగ్ మొదలైంది. ఇది చూశాక నాకు సగం టెన్షన్ తీరింది. రాత్రంతా ఎవరూ చూడకుండా చార్జింగ్ అయ్యే బండి ఇది.

శనివారం

బండి మీద అన్నీ కలిపి నడిపాం. కదలకుండా ఉన్నప్పుడు స్కోపు (సిగ్నల్‌ను గీతగా చూపే పరికరం) మీద గీతలు ముచ్చటగా ఉన్నాయి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు తీగలూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. బిట్ పడ్డప్పుడు పసుపు 3.5కి లేస్తుంది, ఆకుపచ్చ 1.5కి దిగుతుంది. తేడా 2 వోల్టులు, వినేవాళ్లు చూసేది ఆ తేడానే.

ఖాళీ బండి కళ్లం చుట్టూ తిరిగితే మెసేజ్‌లలో తప్పులు లెక్కపెట్టే ఎర్రర్ కౌంటర్ సున్నా. బస్తాలు వేసి ర్యాంపు ఎక్కిస్తే పెరగడం మొదలైంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత. బరువుతో పాటు పెరుగుతుందంటే చూడాల్సింది మోటారు కేబుళ్ల వైపే. కంట్రోలర్ కరెంటును సెకనుకు వేలసార్లు కట్ చేస్తూ మోటారుకు పంపుతుంది. ఆ లావు కేబుళ్ల పక్కన తీగ ఉంటే దాని మీద ఆ రొద ఎక్కుతుంది. సీటు కింద చూస్తే క్యాన్ తీగలను మోటారు కేబుళ్లతో కలిపి ఒకే కట్టగా జిప్ టైలతో బిగించి ఉంచారు. పైగా కనెక్టర్‌కు జానెడు ముందే మెలిక విప్పేశారు. రెండు తీగలూ మెలేసుకుని ఉంటే రొద రెండిటి మీదా సమానంగా పడుతుంది, తేడా మారదు. మెలిక లేనిచోట ఒకదాని మీద ఎక్కువ, ఒకదాని మీద తక్కువ పడుతుంది.

తీగలను చాసిస్‌కు అవతలి వైపుకు మార్చాం. మోటారు కేబుళ్లను దాటక తప్పని ఒక్కచోట అడ్డంగా, లంబకోణంలో దాటించాం. మెలిక కనెక్టర్ దాకా తీసుకొచ్చాం. అదే బరువు, అదే ర్యాంపు. కౌంటర్ కదల్లేదు. ఖర్చు మూడు మీటర్ల తీగ, కాస్త ఓపిక. లేదంటే రొద తగ్గించడానికని ఫెరైట్లు, ఖరీదైన ఐసొలేటర్లు కొనిపించేవాళ్లు ఉంటారు. ముందు తీగ ఎటు పోతోందో చూడమంటాను.

సోమవారం

మెసేజ్‌లు ఆపి చూసే పరీక్షలు. ఫ్యాక్టరీకి సెలవు, కళ్లంలో ఎవరూ లేరు. ఫ్యాక్టరీ డ్రైవరునే నడపమన్నాం. ఆయన నాకంటే పెద్దవారు. నేను ప్లగ్గులు పీకడం చూసి, "ఏటి బావూ, బాగున్న బండిని మీరే పాడుచేసీసి మీరే బాగుచేత్తారేటి?" అన్నారు.

"లేదు మావయ్యా, మీరు తోలుతున్నప్పుడు తీగ ఊడితే ఏమవుతుందో నేను ముందే చూసుకుంటున్నాను," అన్నాను.

మొదట బీఎంఎస్ ప్లగ్గు. నెమ్మదిగా పోతున్న బండిలో పీకాం. బండికి ఏమీ తెలియనట్టు అలాగే పోయింది. చివరిగా బీఎంఎస్ చెప్పింది '100 ఆంపియర్లు తీసుకో' అని. కంట్రోలర్ ఆ మాటనే పట్టుకుని ఉంది. ఈలోపు ఒక సెల్ వేడెక్కినా, వోల్టేజీ పడిపోయినా దానికి తెలిసే దారి లేదు. సెట్టింగులు చూస్తే మెసేజ్ ఆగితే ఏం చేయాలన్న గడువు సున్నాగా ఉంది, అంటే గడువే లేదు. కంట్రోలర్ తయారుచేసినవాళ్ల దగ్గర నుంచే అలా వచ్చింది.

బండిని వెంటనే ఆపేసేలా పెట్టడం తేలిక. డ్రైవరు అప్పుడొక మాట అన్నారు. "ఆగితే ఆగనీ బావూ, ఎత్తు మీద ఒక్కసారి ఆగిపోతే ఎనక్కి జారతాది. ఎనకాల అమ్మలుంటారు." ఇది నా పుస్తకాల్లో లేని పాయింటు కాదు. కానీ రోజూ ఆ ర్యాంపు ఎక్కే మనిషి చెప్పినప్పుడు దాని బరువు వేరు. అందుకని ఇలా పెట్టాం: బీఎంఎస్ మెసేజ్ అర సెకను రాకపోతే బజర్ మోగుతుంది, మోటారు బలం తగ్గడం మొదలవుతుంది. రెండు సెకన్లకు సున్నాకు వస్తుంది. ఈ లోపు డ్రైవరు బ్రేకు మీద కాలు పెడతారు. బ్రేకు మామూలు హైడ్రాలిక్ బ్రేకు, క్యాన్‌తో దానికి సంబంధమే లేదు. అలాగే ఉండాలి. ఇలాంటి చిన్న బండిలో బ్రేకును, స్టీరింగును ఈ రెండు తీగల మీద ఆధారపడేలా ఎవరైనా చేస్తే నేను ఆ పని ఒప్పుకోను.

ర్యాంపు మీద పది బస్తాలతో మళ్లీ చేశాం. బజర్, బలం తగ్గడం, బ్రేకు. బండి నిలబడింది. డ్రైవరు తనంతట తానే ఇంకోసారి చేయించుకున్నారు, కాలికి అలవాటు కావాలని.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది చూడరు. ప్లగ్గు ఊడకుండానే పెట్టె లోపల సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోవచ్చు. అప్పుడు పాత అంకెలే మళ్లీ మళ్లీ రావచ్చు. మెసేజ్ వస్తూనే ఉంటుంది కనుక గడువు మోగదు. దీనికోసం మెసేజ్‌లో 0 నుంచి 15 వరకు తిరిగే ఒక లెక్క ఉంటుంది, ప్రతి మెసేజ్‌కూ ఒకటి పెరగాలి. మా రాస్ప్‌బెర్రీ పై బీఎంఎస్‌లా నటిస్తూ ఆ లెక్కను ఒకచోట ఆపేసింది. కంట్రోలర్ పట్టుకుంది, బలం తగ్గించింది. ఆ సెట్టింగు మాత్రం ముందే సరిగా ఉంది.

మధ్యాహ్నం రెండు తీగలనూ కలిపి షార్ట్ చేశాం. క్యాన్ పెట్టె ప్రతిదీ తన తప్పులు తానే లెక్కపెట్టుకుంటుంది. పంపేటప్పుడు తప్పు జరిగితే లెక్కకు 8 కలుస్తుంది, సరిగా వెళ్తే 1 తగ్గుతుంది. 128 చేరితే గొంతు తగ్గించుకుంటుంది, 255 దాటితే లైను నుంచి పూర్తిగా తప్పుకుంటుంది. దీన్ని బస్ ఆఫ్ అంటారు. ఒక పాడైన పెట్టె అందరి మాటలూ చెడగొట్టకుండా పెట్టిన ఏర్పాటు, నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. షార్ట్ చేసిన రెప్పపాటులో మాట్లాడేవన్నీ తప్పుకున్నాయి. షార్ట్ తీశాక బీఎంఎస్, చార్జర్, కంట్రోలర్ తిరిగొచ్చాయి. డిస్‌ప్లే మాత్రం తాళం ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా నల్లగానే ఉంది. అది కూడా వాళ్లకు రాశాం.

కంట్రోలర్ తిరిగొచ్చినప్పుడు డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. బండి దూకలేదు. పెడల్ పూర్తిగా వదిలి మళ్లీ తొక్కితేనే కదిలింది. ఇది జరగకపోయి ఉంటే ఆ కంట్రోలర్‌ను వెనక్కి పంపించేవాణ్ని.

గురువారం

కుదుపులు, తేమ. ఉద్దానం గాలిలో ఉప్పు ఉంటుంది, సముద్రం దగ్గరే. జీడి ఫ్యాక్టరీలో దానికి తోడు పిక్క తొక్కలోంచి వచ్చే నూనె. చర్మం మీద పడితే పుండ్లు పడే నూనె అది, కటింగ్ చేసే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. కనెక్టర్ లోపలికి వెళ్తే దుమ్మును పట్టుకుని జిగురులా గట్టిపడుతుంది. వచ్చిన తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్లన్నీ తీసేసి రబ్బరు సీలున్నవి వేశాం. వాడని పిన్నుల చోట కూడా ప్లగ్గులు పెట్టాం. లేకపోతే సీలు ఉండీ లేనట్టే.

బండి ఆన్‌లో పెట్టి, మెసేజ్‌లు తెర మీద పారుతుండగా ఒక్కో కనెక్టర్‌నూ చేత్తో కదిపాం. వెనక బీఎంఎస్ దగ్గర ఒకటి కదిపినప్పుడల్లా మెసేజ్‌లు తెగాయి. పవరు ఆపి మీటరు పెట్టి కదిపితే 60 కాస్తా 120కి ఎగిరి మళ్లీ దిగుతోంది. అంటే లైనులో సగం తెగి కలుస్తోంది. పిన్నును తీగకు నొక్కి పట్టే క్రింప్ తీగ ఇన్సులేషన్ మీద నొక్కుకుంది, రాగి మీద కాదు. కళ్లతో చూస్తే బాగానే కనిపిస్తుంది. పిన్ను మార్చాం. ఫ్యాక్టరీ వాళ్ల ఎలక్ట్రీషియన్‌కు ఈ కొలత నేర్పాను. నెలకోసారి పవరు ఆపి 60 చూసుకోమన్నాను. ల్యాప్‌టాప్ అవసరం లేని పరీక్ష కాబట్టి ఇది వాళ్ల చేతిలో నిలుస్తుంది.

యజమాని ఇంకోటి అడిగారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని తాకినప్పుడు కరెంటు లేక పడ్డ ఇబ్బంది ఆయన మరిచిపోలేదు. అలాంటప్పుడు ఈ బ్యాటరీతో నాలుగు లైట్లు వెలిగించుకోవచ్చా అని. వెలిగించుకోవచ్చు. కానీ ఆ తీగ కూడా బీఎంఎస్ కనుసన్నల్లోనే ఉండాలి, బ్యాటరీ టెర్మినళ్ల నుంచి నేరుగా లాగకూడదు. దానికి వేరే ఫ్యూజు, వేరే కాంటాక్టరు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్) పెట్టి ఇస్తానన్నాను.

శనివారం

నా రికార్డింగు బోర్డు పెట్టాను. ఈఎస్‌పీ32 చిప్ ఒకటి, దాన్ని లైనుకు కలిపే 3.3 వోల్టుల ట్రాన్సీవర్. ఇది వినడమే తప్ప ఒక్క బిట్ కూడా లైను మీద పెట్టదు, 'అందింది' అనే జవాబు కూడా ఇవ్వదు. జవాబివ్వడానికి మిగతా నాలుగు ఉన్నాయి. రికార్డు చేయడానికి పెట్టిన బోర్డు పాడైతే బండి ఆగే పరిస్థితి ఉండకూడదు. ఎర్రర్ లెక్కలు, సెల్ ఉష్ణోగ్రతలు, కంట్రోలర్ కరెంటు కార్డులో రాస్తుంది. వానాకాలం మొదలయ్యాక కార్డు తీసి చూస్తాను. ఎర్రర్లు పెరిగితే తేమ ఎక్కడో లోపలికి పోయినట్టే.

బండి ఫ్యాక్టరీకి వెళ్లింది. పెండింగులో ఉన్నవి: డిస్‌ప్లే కొత్త సాఫ్ట్‌వేర్, షార్ట్ తర్వాత అది తనంతట తాను తిరిగిరావడం, తుఫాను లైట్ల కాంటాక్టరు. రెండో బండి చాసిస్ వచ్చే నెల వస్తుందట. దాని కంట్రోలర్ పెట్టె తెరవకముందే ప్లగ్గు దగ్గర ఓమ్‌లు కొలిచి పంపమని వర్క్‌షాపు వాళ్లకు ఫోను చేసి చెప్పాను.